మీటరు మీద బొట్టు

నాకు ముక్కుమీద కోపం. దాచుకుందామన్నా దాగేది కాదు. సర్వీసంతా తిరిగిన ఊళ్లన్నిట్లో ఎవరో ఒకరి మీద అరుస్తూనే ఉన్నాను. వాటిలో చాలావరకు మర్చిపోయాను, తిట్లు తిన్నవాళ్లూ మర్చిపోయి ఉంటారనే ఆశ. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక మేడమీది గదిలో అరిచిన అరుపు మాత్రం నాకింకా వినిపిస్తూనే ఉంటుంది.

నా ఉద్యోగం ఏమిటో మా ఇంట్లోవాళ్లకే సరిగ్గా తెలిసేది కాదు. విమానాల్లో ఉండే రేడియో సెట్లను బాగుచేసే వర్క్‌షాపులకు ప్రభుత్వం తరఫున వెళ్లి, వాళ్లు పని సరిగ్గా చేస్తున్నారో లేదో చూడడం, చూసి సంతకం పెట్టడం లేదా పెట్టకపోవడం. అంతే. మా అత్తగారి దృష్టిలో నేను విమానం నడుపుతాను. ఊళ్లో అందరికీ అలాగే చెప్పుకునేవారు. మా బావమరిది ఇంకో రకం. నేను వెళ్తే చాలు, మూలపడ్డ ట్రాన్సిస్టరు తెచ్చి ఒళ్లో పెట్టేవాడు. నేను బాగుచెయ్యనయ్యా, బాగుచేసేవాళ్లని తనిఖీ చేస్తాను అంటే, "అంటే మీకు రాదన్నమాట" అనేవాడు. పూర్తిగా అబద్ధం కాదు కాబట్టి నాకు ఒళ్లు మండేది.

ఇది డెబ్భయ్యో దశకం మధ్యలో మాట. మా ఆఫీసు మద్రాసులో. కృష్ణా డెల్టాలో వరికి దోమపోటు వచ్చిందంటే అప్పట్లో విమానాలతో మందు చల్లించేవారు. ఆ పని ఒప్పుకున్న ఒక కంపెనీ తన మూడు చిన్న విమానాలను సీజను పొడుగునా గన్నవరంలో ఉంచేది. పొద్దున్నే లేచి చేల మీద తాటిచెట్ల ఎత్తున ఎగిరి మందు చల్లి, దిగి, మళ్లీ మందు నింపుకుని లేచేవి. ఒకటి దిగుతుంటే ఇంకొకటి లేస్తూ ఉంటుంది. కింద టవరులో ఉన్నవాళ్లకూ పైలట్లకూ మధ్య మాట నడవకపోతే రెండూ ఒకే దారిలోకి రావచ్చు. అందుకని ఆ విమానాల్లో రేడియో సెట్లు సరిగ్గా ఉండాలి. సెట్టు పాడైతే బాగుచేసేది గవర్నర్‌పేట వర్క్‌షాపు.

వర్క్‌షాపు అంటే పెద్దగా ఏం ఊహించుకోనక్కర్లేదు. కింద ఫ్యాన్లు అమ్మే కొట్టు, పక్కన లాడ్జి, ఇరుకు మెట్లెక్కితే పైన రెండు గదులు. యజమాని వన్ టౌన్‌లో హోల్‌సేల్ వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టినాయన. రేడియోల పిచ్చితో అన్నదమ్ముల్ని కాదని ఈ వ్యాపారంలో దిగాడు. ఆయనకు ఉన్న బలమంతా ఒక్క టెక్నీషియను. ఏర్‌ఫోర్సులో పదిహేనేళ్లు పనిచేసి వచ్చిన మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. గుడివాడ దగ్గర పల్లెలో క్రైస్తవ కుటుంబం. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయిస్తాడని యజమాని చెబితే తెలిసింది. గన్నవరం నుంచి సెట్టు తేవాలంటే ఈ టెక్నీషియనే పాత దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చేవారు. కండక్టరు బిడ్డనుకుని సీటు ఇప్పించిన రోజులున్నాయట.

ఆ గదిలోంచి ఏ సెట్టు బయటికి వెళ్లాలన్నా ఆయన సంతకం ఉండాలి. సంతకం పెట్టడానికి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. అది మూడోసారి పరీక్ష రాస్తేగాని రాలేదని ఆయనే చెప్పారు. దాన్ని అద్దం కట్టించి, తను కూచునే బల్లకు ఎదురుగా గోడకు తగిలించుకున్నారు. ఆ లైసెన్సు పోతే ఆయనకు పని పోతుంది, వర్క్‌షాపూ మూతపడుతుంది. ఆ లైసెన్సును ఆపమని రాసే అధికారం ఉన్నవాణ్ణి ఆ చుట్టుపక్కల నేనొక్కణ్ణే.

ఆయనకు ఒక అలవాటుండేది. రిజిస్టర్లో అన్నీ రాసేవారు. సెట్టు నంబరు, కొలతలు, మార్చిన వాల్వులు అందరూ రాస్తారు. ఈయన చివర్న ఉండే రిమార్కుల గడిలో కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడొచ్చింది, బీరువాలో చెమ్మ చేరకుండా వెలిగించి ఉంచే బల్బు ఎప్పుడు మాడిపోయింది, కిటికీలోంచి పిచ్చుక వచ్చి ఏ బల్ల మీద వాలింది, అంతా రాసేవారు. "ఏమండీ, రామాయణం ఎంతవరకు వచ్చింది?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవారు. నేను అంకెల గళ్లు మాత్రం చూసి సంతకం పెట్టేవాణ్ణి. రిమార్కులు చదివే ఓపిక నాకెప్పుడూ లేదు.

ఆ ఏడు దసరాకి సత్యనారాయణపురంలో మా అక్కయ్య ఇంటికి వచ్చాను. ఎలా తెలిసిందో, యజమాని రిక్షా వేసుకుని వచ్చేశాడు.

"రేపు మహర్నవమి, మన వర్క్‌షాపులో ఆయుధపూజండీ. తమరు ఊళ్లో ఉండి రాకపోతే ఎలాగండీ? పులిహోర తినేసి వెళ్లిపోదురుగాని."

తనిఖీ చెయ్యాల్సినవాడు అతిథిగా వెళ్లకూడదని నాకు తెలుసు. పులిహోరే కదా అని వెళ్లాను.

బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి స్క్రూడ్రైవర్లు, సోల్డరింగు ఐరన్లు, పట్టకార్లు, మీటర్లు వరసగా పేర్చారు. వాటి మధ్యలో పవర్ మీటరు. రేడియో సెట్టు ఎంత బలంగా మాట్లాడుతోందో చెప్పే పరికరం అది, ఆ వర్క్‌షాపులో అన్నిటికంటే విలువైంది. టెక్నీషియను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. యజమాని భార్య అరగదీసిన గంధం గిన్నె, కుంకుమ భరిణె నా ముందు పెట్టింది.

"మొదటి బొట్టు తమరి చేత్తోనే పడాలండీ," అన్నాడు యజమాని.

నేను ఉబ్బిపోయాను. అబద్ధమెందుకు? ఉంగరపు వేలు గంధంలో ముంచి బొట్టు పెట్టాను, దాని మీద కుంకుమ అద్దాను. తక్కినవాటికి యజమాని పెట్టాడు. హారతి అయింది. పులిహోర తిన్నాను. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

నెల తిరిగింది. ఈసారి తనిఖీకే మద్రాసు నుంచి వచ్చాను. అప్పటికి డెల్టాలో వరి వెన్ను వేసి ఉంది, దోమపోటు గట్టిగా ఉంది, మూడు విమానాలూ తెల్లవారితే చాలు గాల్లోనే ఉంటున్నాయి. రైల్లో నిద్ర లేక చిరాగ్గా ఉన్నాను. మెట్లెక్కి లోపలికి రాగానే టెక్నీషియను లేచి నిలబడి, "సార్, ఈ మీటరు గురించి ఒక్క మాటండీ..." అని మొదలుపెట్టారు.

"తర్వాత. ముందు నన్ను చూడనివ్వండి," అన్నాను.

చూశాను. పవర్ మీటరుకు ఒక సెట్టు తగిలించి స్విచ్చి వేస్తే ముల్లు లేచి మధ్యలో ఆగిపోయింది. అద్దం మీద వేలితో తడితే ఇంకాస్త పైకి వెళ్లింది. మళ్లీ తడితే కిందికి దిగింది. ముల్లు ఎక్కడో పట్టేస్తోందన్నమాట. ఇలాంటి మీటరుతో కొలిచిన సెట్లు విమానాల్లో ఉన్నాయి. ఆ విమానాలు ఇప్పుడు గాల్లో ఉన్నాయి. నాకు ఒళ్లంతా చల్లబడింది, వెంటనే వేడెక్కింది కూడా.

"విప్పండి దీన్ని," అన్నాను.

ఆయన విప్పారు. లోపల, ముల్లును తిప్పే వెంట్రుకంత స్ప్రింగు మీద ఎర్రగా, పసుప్పచ్చగా ఎండిపోయిన చెక్కు. వేలితో రాస్తే గంధం వాసన. మీటరు ముఖం మీద, సరిగ్గా మధ్యలో, ముల్లును సున్నా దగ్గర నిలపడానికి ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాని చుట్టూ ఉన్న సందులోంచి లోపలికి కారింది.

ఇక నేనాగలేదు.

"ఏ బుద్ధిలేనివాడు పెట్టాడు దీని మొహాన బొట్టు? ఆ రోజు నేను పెట్టింది మీటరు పెట్టె మూత మీద. నాకు బాగా గుర్తుంది. నా తర్వాత దీని ముఖం మీద పెట్టింది ఎవరు? ఇది మీటరనుకున్నారా, పెళ్లికూతురనుకున్నారా?"

యజమాని ఏదో చెప్పబోయాడు. టెక్నీషియను ఆయన వంక ఒక్క చూపు చూశారు. ఆయన నోరు మూసుకున్నాడు.

"మీటరు బాధ్యత నాదేనండి," అన్నారు టెక్నీషియను.

యజమాని బల్ల మీది ఫోను తీసుకుని నేనే గన్నవరానికి చేశాను. మూడు విమానాలూ దిగగానే ఆపెయ్యాలి, సెట్లు పరీక్ష చేసేదాకా లేవకూడదు అన్నాను. అవతల కంపెనీ మేనేజరు లబోదిబోమన్నాడు. "రైతులు గట్ల మీద నిలబడి ఉన్నారండీ, రేపు చల్లకపోతే చేనంతా ఎండి దుబ్బయిపోతుందండీ" అన్నాడు. ఫోను పెట్టేశాను.

తర్వాత టెక్నీషియను వైపు తిరిగి ఆ గోడ చూపించాను. "మీ లైసెన్సు కిందికి తియ్యండి. ఆపమని రాస్తున్నాను."

ఆయన స్టూలెక్కి ఫ్రేము దించారు. అద్దం మీది దుమ్ము రుమాలుతో తుడిచి, నా ముందు బల్ల మీద పెట్టారు. గోడ మీద మేకు, దాని కింద వెలిసిపోని సున్నపు చదరం మిగిలాయి. ఆయన వెళ్లి కిటికీ దగ్గర కూచున్నారు. ఆ వయసులో ఇంకో పరీక్ష రాసి ఇంకో లైసెన్సు తెచ్చుకోవడం అయ్యేపని కాదని నాకు తెలుసు. తెలిసే కార్బను పెట్టి రిపోర్టు మొదలుపెట్టాను.

రిపోర్టులో ఒక గడి ఉంటుంది. లోపం ఎప్పటినుంచి ఉంది? దానికి జవాబు రాయడానికి రిజిస్టరు కావాలి. తెమ్మంటే ఆయనే తెచ్చి, తెరిచి, చేతికిచ్చారు. అంకెల గళ్లలో పైనుంచి కిందికి వచ్చాను. అంకెలు అన్నీ బాగానే ఉన్నాయి, తేడా ఎక్కడ మొదలైందో తేలడం లేదు. తప్పనిసరై, నా జన్మలో మొదటిసారి, రిమార్కుల గడి చదివాను.

ఆయన రాసింది ఇంగ్లీషులోనే, కానీ నాకు తెలుగులోనే గుర్తుండిపోయింది.

"మహర్నవమి. ఆయుధపూజ. సెట్ల పని లేదు. ఇన్‌స్పెక్టరు గారు పవర్ మీటరు ముఖం మీద, సున్నా స్క్రూ మీద, మొదటి బొట్టు పెట్టారు. గంధం పల్చగా ఉంది."

మళ్లీ చదివాను. పెట్టె మూత నా బుర్రలోంచి మెల్లగా జారిపోయి, దాని స్థానంలో నల్లటి మీటరు ముఖం వచ్చింది. నుదురు ఎక్కడుందా అని వెతుక్కుని, మధ్యలో కనిపించిన ఆ స్క్రూ మీద శ్రద్ధగా అద్దింది నా వేలే. అద్ది, చక్కగా కుదిరిందని మురిసిపోయాను కూడా. నాకు తల కొట్టేసినట్టయింది.

కింద ఇంకా ఉంది. పండుగ వెళ్లిన మర్నాడు: "మీటరు మీద బొట్టు ఉంది. తుడవవచ్చా అని యజమాని గారిని అడిగాను. పెద్దవారు పెట్టినది, దానంతటది రాలేదాకా ఉంచమన్నారు. ఉంచాను." వారం తర్వాత: "బొట్టు రాలింది." ఆ తర్వాత: "ముల్లు ఆగుతున్నట్టుంది. అద్దం తట్టి మూడుసార్లు చూశాను. అన్నిటికంటే తక్కువది రాశాను." అక్కడినుంచి ప్రతి సెట్టుకూ అదే మాట. మూడుసార్లు, తక్కువది. తక్కువది చాలకపోతే సెట్టు మళ్లీ విప్పడం, వాల్వు మార్చడం, మళ్లీ మూడుసార్లు. ఆఖర్న, క్రితం రోజు: "మీటరు మద్రాసు పంపాలి. రేపు ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు. వచ్చీరాగానే చెప్పాలి."

వచ్చీరాగానే చెప్పబోయారు కూడా. తర్వాత అన్నది నేను.

తలెత్తి చూస్తే ఆయన కిటికీలోంచి రోడ్డు మీదికి చూస్తున్నారు. యజమాని నేలచూపులు చూస్తున్నాడు. వాళ్లిద్దరికీ నేను అరుస్తున్నంతసేపూ తెలుసు. నాకు సిగ్గేసింది. "పొద్దున్నే గన్నవరం వెళ్దాం. సెట్లు కొలుద్దాం," అన్నాను. సగం రాసిన రిపోర్టు సంచీలో పెట్టుకున్నాను. ఫ్రేము బల్ల మీదే ఉండిపోయింది.

మర్నాడు ఏలూరు వైపు వెళ్లే మొదటి బస్సులో పక్కపక్కన కూచున్నాం. ఆయన తప్పు లేదని నాకప్పటికే తెలిసిపోయింది. కానీ తప్పు లేకపోవడం వేరు, సెట్లు బాగుండడం వేరు. పట్టేసే ముల్లు మూడుసార్లూ పైనే పట్టేసి ఉండవచ్చు. ఆ మూడింటిలో ఒక్కటి బలహీనంగా ఉన్నా, కింద సంతకం ఆయనది కాబట్టి లైసెన్సు నిలబెట్టడం నా చేతుల్లో కూడా ఉండదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. బస్సు రామవరప్పాడు దాటింది.

"నిన్న నేనంతలా అరుస్తుంటే, 'పెట్టింది తమరే' అని ఒక్క మాట అనచ్చు కదండీ," అన్నాను చివరికి.

"రాశాను కదండీ," అన్నారాయన. "నోటితో అంటే తమరి మీద నేరం మోపినట్టుంటుంది. కాగితం మీదైతే జరిగింది జరిగినట్టుంటది. తమరు ఎలాగూ చదువుతారు కదాని."

అందులో వెటకారం లేదు. నేను రిజిస్టరంతా చదివే సంతకం పెడుతున్నానని ఆయన ఇన్నేళ్లుగా నిజంగానే అనుకున్నారు.

"మరి ఆ బొట్టు తుడిచెయ్యాల్సింది."

"మా ఇంట్లో వస్తువైతే తుడిచేసేవాణ్ణండి. ఇది మీ పూజ. నమ్మేవాళ్లు వద్దన్నాక, నమ్మనివాణ్ణి నేను చెయ్యి పెడితే బాగోదు కదండీ."

యజమాని భక్తితో తుడవలేదు. ఈయన మర్యాదతో తుడవలేదు. పెట్టినవాణ్ణి నాకు గుర్తే లేదు. ముగ్గురం మంచివాళ్లమే, మీటరు మాత్రం పాడైంది.

గన్నవరంలో విమానాలతో రేడియోలో మాట్లాడే సమాచార కేంద్రంవాళ్ల దగ్గర అలాంటిదే ప్రభుత్వ మీటరు ఉంది. విమానాల్లోంచి మూడు సెట్లూ తీసి బల్ల మీద పెట్టించాను. మేనేజరు, పైలట్లు గుమ్మంలో గుమిగూడారు. మొదటి సెట్టు తగిలించి స్విచ్చి వేశాను. ముల్లు నిదానంగా లేచి, ఉండాల్సిన గీత దాటి, ఇంకా పైకి వెళ్లి నిలబడింది. తట్టాను. కదల్లేదు. రెండోది దానికంటే బాగుంది. మూడోదానికి స్విచ్చి వేశాను. పక్కకి చూస్తే ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు.

"కళ్లు తెరవండి," అన్నాను. "మూడూ గీత దాటాయి."

ఆయన తెరిచి, వంగి చూసి, జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. పట్టేసే ముల్లును నమ్మకుండా, ప్రతిసారీ తక్కువది తీసుకుని, చాలలేదని మళ్లీ మళ్లీ విప్పి బాగుచేసినందుకు ఆ సెట్లు ఉండాల్సినదానికంటే బలంగా తయారయ్యాయి. అక్కడే, అందరి ముందూ, ఆయన రెండు చేతులూ పట్టుకుని, "నా నెత్తిన పాలు పోశారండీ" అన్నాను.

తొమ్మిదింటికల్లా సెట్లు బిగించారు. మొదటి విమానం లేచి బుడమేరు మీదుగా తిరిగింది. సమాచార కేంద్రంలో స్పీకరు దగ్గర నిలబడి విన్నాం. పైలటు గొంతు పక్కగదిలోంచి పిలిచినంత స్పష్టంగా ఉంది. నాకు ఆకలేసింది. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. రోడ్డు మీద హోటల్లో ఇద్దరం నాలుగేసి ఇడ్లీలు తిన్నాం.

మధ్యాహ్నం వర్క్‌షాపుకు వచ్చి స్టూలు ఎక్కింది నేను. ఫ్రేము మేకుకు తగిలించి, వంకర పోయిందేమోనని దిగి చూసి, మళ్లీ ఎక్కి సరిచేశాను. తర్వాత రిపోర్టు తీసి, ముందురోజు రాసిన వాక్యాలు కొట్టేసి, మీటరులో గంధం పడింది తనిఖీ అధికారి చేతివల్లేనని రాశాను. మద్రాసులో మా పై అధికారి అది చదివి కళ్లజోడు తీసి నా వైపు చూశాడు. "ఇది ఇలాగే పంపమంటావా?" అన్నాడు. పంపమన్నాను. వారం పది రోజులు ఆఫీసులో నన్ను పూజారి గారూ అని పిలిచారు. కోపం రాలేదు. నాకే ఆశ్చర్యమేసింది.

మరుసటి దసరాకి అక్కయ్య ఇంటికి వెళ్తే యజమాని మళ్లీ రిక్షాలో వచ్చాడు. నేను రానన్నాను. "టెక్నీషియను గారే తమరిని తప్పకుండా తీసుకురమ్మన్నారండీ" అన్నాడు. వెళ్లాను. అదే తెల్లటి గుడ్డ, అదే వరస. పవర్ మీటరు మాత్రం బీరువాలో ఉంది, బీరువాకి తాళం. గిన్నె తెచ్చి నా ముందు పెట్టారు. ఈసారి గంధం చిక్కగా ఉంది. నేను అటూ ఇటూ చూసి, ఎవరికీ ఏ ప్రమాదమూ లేని చోటు వెతుక్కుని, వంగి బల్ల కాలికి బొట్టు పెట్టాను.

లేచి చూస్తే టెక్నీషియను గుమ్మం పక్కన ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నారు. చేతులు కట్టుకుని లేరు. రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసి, నా వంకే చూస్తున్నారు.

"ఎక్కడని రాయమంటారండీ?"

"బల్ల కాలి మీద, అని రాయండి," అన్నాను.

ఆయన రిమార్కుల గడిలో రాసి, రిజిస్టరు నా వైపు తిప్పారు. నేను మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివి, సంతకం పెట్టాను.